కూర్చోబెట్టి తీసిన ఫిల్మ్

ఫిబ్రవరి 6

కింద మెషీను ఆగితే దగ్గు, దగ్గు ఆగితే మెషీను. పది రోజులుగా ఇదే వరస. స్కూలు యూనిఫారాల ఆర్డరు నెలాఖరుకి ఇవ్వాలట, అందుకని అక్క రెండింటినీ ఆపడం లేదు. పై గదిలో కూర్చుని ఎంతసేపని వినను? దిగి వెళ్లి, రేపు నాతో ఆస్పత్రికి వచ్చి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమన్నాను.

"దగ్గుకి కూడా ఫొటో తీయించుకుంటారటే పొట్టీ?" అంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే విద్య మా అక్కకే తెలుసు.

"జ్వరం కూడా ఉందిగా."

"ఒళ్లు వెచ్చగా ఉంది, అంతే. జ్వరం వేరు, వెచ్చదనం వేరు."

అప్పుడే బావ స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చాడు. "తీసుకెళ్లు డాక్టరమ్మా. నేను చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బస్సెడు పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెడతాను గానీ మీ అక్కని మాత్రం నా వల్ల కాదు."

అక్క అతనికి కత్తెర చూపించింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఫిబ్రవరి 7

నేననుకున్నదే. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చలు, ఒకచోట ముద్దగా కాకుండా అక్కడక్కడా పలచగా. మధ్య నుంచి బయటికి సన్నటి గీతలు. శ్వాసనాళాల గోడలు మందంగా. నీరు చేరలేదు. మామూలు న్యుమోనియా అయితే ఒక భాగాన్నంతా సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేస్తుంది. ఇది దారి తప్పిన రకం. దీని పని అంతా చిందరవందర. దీని ఫిల్ములు ఎన్ని చదివానో లెక్కలేదు. కుర్ర డాక్టర్లకి దీని మీద పాఠం చెప్పేది కూడా నేనే. గుండె మామూలుగా ఉంది.

ఈ జబ్బులో ఇంకో చిత్రం ఉంది. ఫిల్మ్ చూస్తే మనిషి మంచం మీద ఉండాలి. మనిషేమో తిరుగుతూనే ఉంటుంది. నేను లోపల తెర మీద అక్క ఊపిరితిత్తుల్ని చూసి దిగులుపడుతుంటే, అక్క బయట నిలబడి మా టెక్నీషియన్ని తిడుతోంది, చొక్కా జేబు కుట్టు ఊడిపోతే అలాగే తొడుక్కుని ఉద్యోగానికి వస్తారా అని. ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు.

ఇంటివాళ్ల ఫిల్మ్ ఇంటివాళ్లు చదవకూడదు. మా ఎక్స్‌రే విభాగంలో పెద్దసారు పెట్టిన కట్టుబాటు అది. అందుకని రిపోర్టు నా కింద పనిచేసే కుర్ర డాక్టరు, నేను కళ్లజోడు అని పిలిచే పిల్ల, రాసింది. ఆ పిల్లకి దగ్గరికొకటి, దూరానికొకటి, నెత్తి మీద ఎప్పుడూ ఇంకొకటి.

"మేడమ్, ఇది మీ జబ్బేనా?" అని అడిగింది.

"నా జబ్బే" అని, ఏం రాయాలో చెప్పాను. ఆ పిల్ల టైపు చేసింది. సంతకం తనది, మాటలు నావి. దీన్ని చదవడం అనరు.

ఫిబ్రవరి 8

ఛాతీ డాక్టరు కూడా అదే అన్నారు. రక్త పరీక్షకి పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా మాత్రలు మొదలుపెట్టారు. మామూలు మందులు పనిచేయవని, అవి సూక్ష్మజీవి గోడని పగలగొడతాయని, దీనికి గోడే ఉండదని సాయంత్రం బావకి చెప్పాను.

"గోడే లేని ఇంటికి కన్నం ఎక్కడ వేస్తారు పాపం" అన్నాడు బావ.

అక్క నవ్వబోయి దగ్గింది. దగ్గి మళ్లీ నవ్వింది.

ఫిబ్రవరి 11

అక్కని ఆస్పత్రిలో చేర్చాం. పొద్దున మెట్ల దగ్గర ఆయాసంతో కూర్చుండిపోయింది. జ్వరం బాగా ఉంది.

మంచం మీదే ఫిల్మ్ తీశారు. మచ్చలు రెండువైపులకీ పాకాయి. బావ మొహంలో రంగు లేదు. వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. సరైన మందు పడ్డా మొదటి రోజుల్లో ఫిల్మ్ ముదరవచ్చు, మనిషి కోలుకున్నాక కూడా ఫిల్మ్ తేటపడటానికి వారాలు పడుతుంది, ఫిల్మ్ ఎప్పుడూ మనిషికి వెనకే నడుస్తుంది, కాబట్టి దాన్ని చూసి భయపడకూడదు అని. వందమందికి చెప్పిన మాటలే. అక్క గురించి చెబుతుంటే మాత్రం నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది.

"నువ్వున్నావుగా. నాకదే కొండంత ధైర్యం" అన్నాడు.

ఫిల్మ్‌లో గుండె కాస్త పెద్దగా ఉంది. మామూలుగా నిలబెట్టి వెనకనుంచి తీస్తారు, పడుకోబెట్టి ముందునుంచి తీస్తే ఎవరి గుండైనా పెద్దగానే కనబడుతుంది. ఈ చదువులో మొదటి వారం నేర్పే సంగతి. రాగానే గుండె గ్రాఫు, ఈసీజీ, కూడా తీశారు, బాగానే ఉంది.

ఫిబ్రవరి 12

జ్వరం అలాగే ఉంది.

ఫిబ్రవరి 13

జ్వరం దిగింది. బావ వరండాలో గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. లేపలేదు.

ఫిబ్రవరి 15

మళ్లీ మంచం మీదే ఇంకో ఫిల్మ్. ఎడమవైపు మచ్చలు పలచబడ్డాయి, కుడివైపు ఇంకా ఉన్నాయి. రక్త పరీక్ష కూడా వచ్చింది, నా జబ్బే. కళ్లజోడుకి చెప్పి రాయించాను.

"గుండె, మేడమ్?" అంది.

"మంచం మీద తీసింది కదా."

"అవును కదా" అని నాలిక్కరుచుకుంది.

అక్క మాత్రం అన్నం దగ్గర పేచీ పెడుతోంది. ఆస్పత్రి గౌను కుట్టినవాడికి కొలతలు తెలియవట, చంక దగ్గర కోత చూస్తుంటే ముద్ద దిగడం లేదట.

"పడుకుంటే గుండె టకటకా కొట్టుకుంటోందే పొట్టీ" అంది, నేను లేచి వస్తుంటే. "గుడ్డ పెట్టకుండా మెషీను తొక్కినట్టు."

"నీరసం. నాలుగు రోజులు తింటే అదే సర్దుకుంటుంది."

"నువ్వంటే సరే మరి."

ఫిబ్రవరి 17

ఇంటికి వచ్చేసింది. గుమ్మంలో అడుగు పెడుతూనే మెషీను మీద కప్పిన గుడ్డ తీసి దులిపింది. తిట్టాను. మళ్లీ కప్పింది.

ఫిబ్రవరి 20

నేను పైన ఉంటే అక్కకి ఒకటే పని. రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కి వచ్చి నా పక్క దులపలేదనీ, కిటికీ తీయలేదనీ, పెళ్లి చేసుకోలేదనీ తిట్టి దిగిపోవడం. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా పైకి రాలేదు. తిట్టాలనిపిస్తే కింద నుంచి కేకేసి నన్నే రమ్మంటోంది.

రాణిగారు అయిపోయింది. నాలుగు రోజులు అందరం నెత్తిన పెట్టుకుంటే ఎవరైనా అవుతారు.

ఫిబ్రవరి 23

తలకింద మూడు దిళ్లు పెట్టుకుని పడుకుంటోంది. మెడ పట్టేస్తుందే అంటే, అలా అయితేనే హాయిగా ఉందంది. దగ్గు వచ్చే వాళ్లందరూ ఎత్తుగానే పడుకుంటారు.

దగ్గు దాదాపు తగ్గింది.

ఫిబ్రవరి 25

మెషీను ఎక్కింది. ఎవరి మాటా వినదు. ఆర్డరు ఇచ్చిన స్కూలు వాళ్లు మార్చి పదో తారీకు దాకా ఆగుతామన్నారని బావ ఎంత చెప్పినా సరే. కాసేపు తొక్కింది, ఆగింది, మళ్లీ తొక్కింది, ఆగింది.

"పెడల్ బరువెక్కింది. పదిహేను రోజులు వదిలేస్తే మెషీనైనా అలుగుతుంది" అంది.

బావ చొక్కా చేతులు మడిచి, మెషీను పక్కకి వాల్చి, నూనె వేశాడు. తొక్కి చూడమన్నాడు.

"ఇంకా బరువుగానే ఉంది."

మళ్లీ వేశాడు. నేలంతా నూనె. ఇద్దరూ వాదులాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. చాలా రోజుల తర్వాత ఈ ఇల్లు మా ఇల్లులా ఉంది అనిపించింది.

ఫిబ్రవరి 27

తేటపడింది. తేటపడింది. తేటపడింది.

ఇంత తొందరగా తేటపడటం నేను చాలా తక్కువ చూశాను. ఎడమవైపు అసలు ఏమీ లేదు. కుడివైపు కింద, వెతికితే గానీ కనబడని రెండు గీతలు. తెర ముందు కూర్చుని ఏడ్చాను. కళ్లజోడు కంగారుపడి నీళ్లు తెచ్చింది. సంతోషమే అని చెప్పాను.

టెక్నీషియన్ వచ్చి, "మీ అక్కగారిని నిలబెట్టాను మేడమ్. నిలబడలేకపోయారు. స్టూలు మీద కూర్చోబెట్టి ముందునుంచి తీశాను" అన్నాడు. అన్ని రోజులు మంచంలో ఉన్న మనిషి, కాళ్లలో పట్టు తప్పడం సహజమే.

"గుండె గురించి ఏం రాయను మేడమ్?" అంది కళ్లజోడు.

"కూర్చోబెట్టి తీసింది కాబట్టి గుండె కొలత పోల్చడానికి కుదరదు అని రాయి."

రాసింది. సంతకం చేసింది.

ఛాతీ డాక్టరు ఊళ్లో లేరు. ఫోన్ చేశాను. "నువ్వు తేటపడిందంటే నేను చూడక్కర్లేదు. సోమవారం వస్తాను, అప్పుడొకసారి తీసుకురా" అన్నారు.

ఆటోలో అక్క నా భుజం మీద తల పెట్టుకుంది. "ఇంక ఫొటోలు చాలా?" అంది.

"చాలు. ఇంక నీ జోలికి రాను."

ఆటో దిగి బావకి చెబితే ఇంటి ముందే నడిరోడ్డు మీద నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మార్చి 2

అక్క పోయింది.

మార్చి 3

మార్చి 5

ఇంకేమీ రాయకపోతే నిజం కాదేమో అని రెండు రోజులు చూశాను.

శనివారం మధ్యాహ్నం. నేను ఆస్పత్రిలో ఉన్నాను. బావ బస్సు లేని రోజు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. అక్క మెషీను దగ్గర కూర్చుని ఒక కాలరు కుడుతోంది. మెషీను ఆగింది. ఆగుతూనే ఉంది కదా రోజూ అని అతను వంటింట్లోంచి రాలేదు. కాఫీ గ్లాసులు రెండూ పట్టుకుని వచ్చేసరికి తల మెషీను మీద ఆన్చి ఉందట. నిద్రపోయిందనుకున్నాడట. చేతి కింద గుడ్డ నలుగుతోందని మెల్లిగా లాగాడట.

మా ఆస్పత్రికే తెచ్చారు. నేను మెట్లు దిగేసరికి అయిపోయింది.

ఛాతీ డాక్టరు ఊరి నుంచి నేరుగా వచ్చారు. గుండె కండరానికి కూడా జబ్బు పాకి ఉంటుందన్నారు. ఈ సూక్ష్మజీవి ఎక్కడో ఒకరికి అలా చేస్తుందన్నారు. ఊపిరితిత్తులు బాగుపడుతుంటే అటు గుండె వాస్తూ ఉంటుంది. తెలుసు. నా పాఠంలో చివర ఒక వాక్యం ఉంటుంది దీని గురించి. టైము చాలకపోతే ఆ వాక్యం వదిలేస్తాను.

నాకు అక్క కావాలి. ఇంకేం వద్దు. అక్క కావాలి.

మార్చి 7

వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. యూనిఫారాల స్కూలు పెద్ద టీచరు కూడా వచ్చింది. కుట్టినవి కుట్టినట్టే తీసుకుంటామని, మిగిలినవి ఎవరికీ ఇవ్వబోమని చెప్పి ఏడ్చింది.

వచ్చిన ప్రతివాళ్లకీ బావ ఒకటే మాట చెబుతున్నాడు. "అన్నీ మా మరదలే దగ్గరుండి చూసింది. ప్రతి ఫొటో తనే చూసింది. వైద్యంలో ఏ లోటూ జరగలేదు. మా రాత అంతే." చెప్పి నా వైపు చూస్తాడు, నేను అవునన్నట్టు తలాడించాలని. ఆడిస్తాను.

అందరూ వెళ్లాక మెషీను దగ్గర నేల మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను.

"పెడల్ బరువుగా ఉందంటే నూనె వేశాను" అన్నాడు. "దానికి కాలు బరువెక్కిందని నాకు తట్టలేదు. వాపు ఉండి ఉంటుంది కదా? కాలు పట్టుకుని చూడాల్సింది. నూనె వేశాను."

"నీకేం తెలుస్తుంది బావా. నువ్వేమైనా డాక్టరువా."

"కాదు. అందుకే నిన్ను చూసుకుని ధైర్యంగా ఉన్నాను. నువ్వు చూశావు కదా. నీ కళ్లు దాటి ఏదీ పోదు. అది తలుచుకుంటేనే కాస్త నిద్ర పడుతోంది నాకు."

అతని వీపు నిమిరాను.

మార్చి 8

కళ్లజోడు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 9

కళ్లజోడు మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ పిల్ల ఏం అడుగుతుందో నాకు తెలుసు. లేదు, ఊరికే పలకరించడానికే అయి ఉంటుంది.

కూర్చోబెట్టి తీసింది. ముందునుంచి తీసింది. పోల్చడానికి కుదరదు. ఎవరైనా అదే రాస్తారు.

మార్చి 11

పనిలోకి వెళ్లాను. కళ్లజోడు నన్ను చూసి లేచి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమీ అడగలేదు. కుర్చీ నా వైపు జరిపి బయటికి వెళ్లిపోయింది. అడిగి ఉంటేనే బాగుండేది.

అక్క ఫిల్ములు నాలుగూ తెర మీద వరసగా పెట్టాను.

మొదటి దాంట్లో గుండె ఛాతీ వెడల్పులో సగం కూడా లేదు, ఉండాల్సినట్టే. చివరి దాంట్లో సగం దాటి ఎడమ అంచు వైపు బాగా జరిగిపోయింది. కూర్చోబెట్టి తీసినందుకు కొంత తీసేశాను. ఇంకా మిగిలింది. నిండా ఊపిరి పీల్చలేకపోయిందనుకుని ఇంకొంత తీసేశాను. ఇంకా మిగిలింది. మంచం మీద తీసిన రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చాను. అవి రెండూ ఒకే మంచం, ఒకే తీరు, పోల్చడానికి ఏ అడ్డూ లేదు. నాలుగు రోజుల్లో పెరిగింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఊపిరితిత్తుల మచ్చలు చూశాను ఆ రోజు. ఒక్కొక్క మచ్చా లెక్కపెట్టి చూశాను. మధ్యలో ఉన్న గుండె చూడలేదు.

చూడలేదని రాస్తే అబద్ధం. చూశాను. మూడుసార్లు ఎదురుగా వచ్చి నిలబడింది. మూడుసార్లూ సాకు చెప్పి పంపించేశాను.

నిలబడలేదు కాబట్టి గుండె పెద్దగా కనబడుతోంది అనుకున్నాను. గుండె పెద్దదైంది కాబట్టే అక్క నిలబడలేకపోయింది. ఊపిరితిత్తులు తేటపడిన మనిషి ఎందుకు నిలబడలేకపోతుంది అని ఒక్క ప్రశ్న అడగలేదు. మెట్లెక్కడం లేదంటే రాణిగారన్నాను. మూడు దిళ్లంటే దగ్గన్నాను. వేరే ఎవరి అక్క అయినా అయి ఉంటే ఫోన్ ఎత్తి, గుండె స్కాన్ తీయండి అని అదే రోజు చెప్పేదాన్ని. రోజూ ఎవరెవరికో చెబుతూనే ఉంటాను. నా అక్కకి బాగైపోవాలి. అంతే కావాలి నాకు. కావలసింది కనబడగానే చూడటం మానేశాను.

మార్చి 13

ఛాతీ డాక్టరుని అడిగాను. ఇరవై ఏడునే తెలిస్తే?

ఫిల్ములు చాలాసేపు చూశారు. "మందులు మొదలుపెట్టేవాళ్లం. బతికేదా అంటే చెప్పలేను. కొందరు బతుకుతారు" అన్నారు. తర్వాత, "నేనొచ్చి చూడాల్సింది" అన్నారు.

కొందరు బతుకుతారు.

మార్చి 15

ఇవాళ పదకొండు ఫిల్ముల్లో గుండె పెద్దదని రాశాను. పెద్దసారు వాటిని మళ్లీ చూసి, తొమ్మిది మామూలువే అన్నారు. కోప్పడలేదు. కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నారు.

ఇంట్లో ఉండి ఏం చేయను? కింద మెషీను చప్పుడు లేదు.

మార్చి 18

బావ దగ్గుతున్నాడు.

మార్చి 19

దగ్గు, కాస్త జ్వరం. ఇదొకటి, పులి మీద పుట్ర. ఈ జబ్బు ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రెండు మూడు వారాల తేడాతో రావడం మామూలే. రేపు ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళతాను.

మార్చి 20

పొద్దున్నే వెళ్లాం. టెక్నీషియన్ బావని నిలబెట్టి తీశాడు. నిలబడ్డాడు. రిపోర్టు కళ్లజోడు రాస్తానంది. "నేను లోపలికి రాను. నన్ను ఏమీ అడక్కు" అని చెప్పి వరండాలో కూర్చున్నాను. తనే చదివి, రాసి, సంతకం చేసి కవరు బావ చేతికిచ్చింది. బావ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"చూడు డాక్టరమ్మా."

"ఆ పిల్ల చూసిందిగా. ఛాతీ డాక్టరు కూడా చూస్తారు."

"వాళ్లు చూస్తే నాకు చాలదు. నువ్వు చూసి బాగుందంటేనే నాకు నమ్మకం."

"ఇంటివాళ్ల ఫిల్మ్ ఇంటివాళ్లు చదవకూడదు బావా. మా దగ్గర అది కట్టుబాటు."

"మరి మీ అక్కవి నువ్వే చూశావుగా?"

ఆరా తీయడానికి అడగలేదు. నన్ను ఒప్పించడానికి అడిగాడు. కాస్త నవ్వుతూ కూడా అడిగాడు, ఎన్ని రోజులకో.

అవునని తలాడించవచ్చు. ఇన్నాళ్లూ ఆడించిందే. కవరు తెరిచి, పైకెత్తి చూసినట్టు చూసి, బాగుంది బావా అనవచ్చు. అతనికి నిద్ర పట్టేది ఆ ఒక్క మాట మీదే. అది తీసేస్తే నాకు బరువు దిగుతుంది, అతనికి ఎక్కుతుంది. ఇదంతా ఆలోచించాను. కానీ ఇవాళ నేను కళ్లు మూసుకుని బాగుందంటే, ఈ మనిషి రేపు ఆయాసం వచ్చినా ఎవరికీ చెప్పడు. మా మరదలు చూసింది అనుకుంటూ కూర్చుంటాడు.

"అందుకే బావా" అన్నాను.

అర్థం కాలేదు మొదట. నా మొహం చూస్తూ ఉన్నాడు. తర్వాత నవ్వు మెల్లిగా పోయింది.

"ఏం కనబడింది?"

"గుండె. పెద్దదవుతూ వచ్చింది. చూసి కూడా, ఫొటో తీసిన తీరు వల్ల అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"అలా అనుకోకపోయి ఉంటే బతికేదా?"

"తెలీదు. కొందరు బతుకుతారు."

బావ తిట్టినా బాగుండేది. వరండా చివర ఎవరో పిల్లవాడు స్ట్రెచర్ చక్రం తిప్పుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. వీపు మీద చెయ్యి వేయబోయాను. కొంచెం పక్కకి జరిగాడు. కొంచెమే.

ఛాతీ డాక్టరు పిలిచారు. కవరు తనే తీసుకుని తనే వెళ్లాడు. నన్ను రమ్మనలేదు. తిరిగి వచ్చి, "అదే జబ్బట. మొదట్లోనే ఉందట. గుండెకి కూడా స్కాన్ రాశారు" అన్నాడు. స్కాన్ గది దాకా వెనకే నడిచాను. బయటే ఉన్నాను. గుండె బాగుందట. ఆ మాట కూడా అతనే చెప్పాడు, ఎటో చూస్తూ.

బస్సులో పక్కపక్క సీట్లలోనే కూర్చున్నాం.

గుమ్మం ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. అక్క దగ్గర చాలా ఏళ్లుగా చొక్కాలు కుట్టించుకునే మనిషి. ఊళ్లో లేడట, ఇవాళే తెలిసిందట. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. ఆయన కళ్లు తుడుచుకుని, అందరూ అడిగేదే అడిగాడు. "ఇంత చిన్న జబ్బుకి ఎలా పోయిందండీ? సరిగ్గా ఎవరూ చూడలేదా?"

నేను నేల వైపు చూస్తున్నాను. బావ గొంతు సవరించుకున్నాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగాడు.

"అన్నీ మా మరదలే దగ్గరుండి చూసిందండీ" అన్నాడు. "ఏ లోటూ జరగలేదు."

ఈసారి నా వైపు చూడలేదు.